మనువా దీవిలో శివ చూసొచ్చాను

కాపెల్‌లో పుట్టిన పుకారు

మా మనవరాలు శ్రేయ మనువాలో ఉందని నేను చెబితే, అమెరికాలో మేముండే కాపెల్‌లో మా వీధివాళ్ళు అది మనువాడిందని విన్నారు. మూడిళ్ళ అవతల ఉండే సుగుణ పట్టుచీర కట్టుకుని, పళ్ళెంలో పసుపూ కుంకుమా పెట్టుకుని మరీ వచ్చింది. "మాటమాత్రం చెప్పలేదేం పిన్నిగారూ? అబ్బాయి మనవాళ్ళేనా?" అని అడిగింది. మనువా అబ్బాయి కాదమ్మా, దీవుల పేరు అని నచ్చజెప్పేసరికి నా కాఫీ చల్లారిపోయింది. ఇప్పుడు మన సంఘం పత్రికవాళ్ళు ఆ దీవి సంగతులు రాసిమ్మన్నారు. కనబడినవాళ్ళందరికీ విడివిడిగా చెప్పి గొంతు అరగదీసుకోవడం కంటే ఒక్కసారి రాసి పారేయడం చవక కదా అని ఒప్పుకున్నాను.

హవాయి దాటి, భూమధ్యరేఖ కూడా దాటి ఇంకా కిందికి పోతే, పసిఫిక్ సముద్రం నట్టనడుమ అమెరికన్ సమోవా అని ఉంది. పటంలో చూపించమంటే మా అల్లుడు అది ఈగ వేసిన మచ్చ అనుకుని గోటితో గీకాడు. అదీ అమెరికాయే. అదే డాలరు, అదే జెండా, అదే పసుపుపచ్చ స్కూలు బస్సు. దానికి పక్కన విసిరేసినట్టు ఉన్న చిన్న దీవులే మనువా. వాటిల్లో టౌ అనే దీవిలో శ్రేయ బడిపిల్లలకు లెక్కలు చెబుతోంది.

నేను వెళ్ళడానికి కారణం ఒకే ఒక్క మాట. ఒకరోజు శ్రేయ ఫోన్‌లో, "మామ్, ఇక్కడ నైట్‌లైఫ్ చాలా బాగుంటుంది! నెక్స్ట్ మంత్ ఒక బిగ్ నైట్ ఉంది, నేను కూడా పెర్ఫార్మ్ చేస్తున్నా. ఎవరో ఒకరు రావాలి, ప్లీజ్" అంది. మా అమ్మాయి వసుంధర ఫోన్ పెట్టేసి సోఫాలో కూలబడింది.

"నైట్‌లైఫ్ అంటే ఏమిటే?" అని అడిగాను.

"పబ్బులు, తాగుళ్ళు, తెల్లవార్లూ గెంతులు. ఇంకేముంటాయి? మా ఇద్దరికీ లీవ్ దొరకదమ్మా. నువ్వెళ్ళి చూసిరా. రాత్రిళ్ళు ఎక్కడికి పోతోందో, ఎవరితో తిరుగుతోందో కనిపెట్టు. తేడాగా ఉంటే ఫ్లైట్ ఎక్కించి తీసుకొచ్చెయ్."

నేను చదివింది ఐదో తరగతి. కానీ పాలకొల్లులో మా ఆయన పోయాక పిండిమర నేనే నడిపాను. మరలోంచి పడే పిండిని రెండు వేళ్ళ మధ్య నలిపి, ఎక్కడ నూక తగిలిందో చెప్పేదాన్ని. ఒక పిల్ల చెడిందో లేదో చెప్పలేనా? సంచి సర్దుకున్నాను.

పాగో పాగో: పాటల బస్సు

రాజధాని పేరు పాగో పాగో అని రాస్తారు. పలికేటప్పుడు మాత్రం పాంగో పాంగో అంటారు. టికెట్‌కు అంత డబ్బు గుంజుకున్నవాళ్ళకు రాతలో రెండు సున్నాలు పెట్టడానికి అంత పొదుపు దేనికో నాకు అర్థం కాలేదు.

నన్ను ఎక్కించుకుపోవడానికి శ్రేయ చిన్న దీవి నుంచి వచ్చింది. నల్లబడింది, బలిసింది, చెవి మీద పువ్వు పెట్టుకుంది. ఆరోగ్యానికేం లోటు లేదు. ఊరు చూపిస్తానని బస్సెక్కించింది. అక్కడి బస్సులు లారీ చట్రం మీద సొంతదారులు చెక్కలతో కట్టుకున్నవి. లోపల పెద్ద పెద్ద స్పీకర్లు. మన పెళ్ళి ఊరేగింపు ముందు మోగేవి వీటి ముందు దోమల రొద. పండుముసలాయన నుంచి చంకబిడ్డ దాకా అందరూ కూర్చున్నచోటే ఊగుతున్నారు. నేను నిలబడి ఉంటే ఒకావిడ లేచి చోటిచ్చి, తాను వెళ్ళి ముక్కూమొహం తెలియని పక్కావిడ ఒళ్ళో కూర్చుంది. ఒళ్ళో కూర్చున్నావిడ ఒళ్ళో రెండు బ్రెడ్డు పాకెట్లు. కింద ఉన్నావిడ పాటకు తాళం వేస్తూనే ఉంది. మా పక్కూరు ఇర్వింగ్‌లో కారు పక్కన కారు ఆగితే అద్దం కూడా దించరు, ఇక్కడ ఒళ్ళే ఇచ్చేస్తున్నారు.

"ఇదేనా నీ నైట్‌లైఫ్?" అన్నాను.

"ఇంకా లైట్ ఉంది కదా అమ్మమ్మా! ఇది సిటీ. సిటీలో బోర్. నైట్‌లైఫ్ మా ఊళ్ళో."

చెట్ల మీంచి కాకుల్లా ఏవో ఎగురుతుంటే తలెత్తి చూశాను. గబ్బిలాలు! కాకి కంటే పెద్దవి, ఎండలో, పట్టపగలు. ఆ దేశంలో గబ్బిలాలకు కూడా రాత్రి మీద నమ్మకం లేదన్నమాట. నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

టౌకి వెళ్ళే విమానం మన షేర్ ఆటోకి రెక్కలు తగిలించినట్టుంటుంది. బరువు సరిచూడాలని సంచితో పాటు నన్ను కూడా కాటా మీద నిలబెట్టారు. ఎన్నో వేల బస్తాలు తూచిన చేతులివి. అలాంటి నన్ను తూచి, ఆ అంకెను క్యూలో ఉన్నవాళ్ళందరికీ వినబడేలా చదివారు. వెనకున్న భారీకాయుడు ఒకాయన నా భుజం తట్టి ఏదో అన్నాడు.

"ఏమంటాడే?"

"నువ్వు బాగా తినాలంట అమ్మమ్మా. చాలా చిన్నగా ఉన్నావంట."

నన్ను చిన్నగా ఉన్నావన్న మనిషిని నా పెళ్ళి తర్వాత అప్పుడే చూశాను.

టౌ: సిలిండరు మోగితే

ఊరు మొత్తం ఒకే రోడ్డు. ఒకపక్క సముద్రం, ఒకపక్క కొండ. హోటల్ లేదు, సినిమా హాలు లేదు, కొట్టు చూస్తే మన కిళ్ళీకొట్టు కంటే ఒక బెత్తెడు పెద్దది. అందులో ఉల్లిపాయల ధర విని, ఎత్తిన ఉల్లిపాయను పసిబిడ్డను పడుకోబెట్టినట్టు మళ్ళీ బుట్టలో పెట్టేశాను.

శ్రేయ అద్దెకుండే ఇంటావిడ పేరు సినా. నా వయసుదే, నాకు రెండింతలుంటుంది. ఇంటి ముందు స్తంభాలూ పైకప్పూ తప్ప గోడలు లేని పెద్ద సావడి ఉంది. తిండీ కబుర్లూ చుట్టాలూ అన్నీ అక్కడే. గోడలే లేని చోట గుట్టేముంటుందని ఇంకాస్త నిశ్చింత కలిగింది. వాళ్ళ భాషలో మన 'శ్రే' పలకదు కాబట్టి మనవరాలిని ఊరంతా సెలెయా అంటారు. నాకు సెలయేరు అన్నట్టే వినబడింది, సరిదిద్దలేదు. సినా ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ కలిపితే ఒక మనిషికి సరిపోతుంది. మిగిలింది శ్రేయ అటూ ఇటూ చేరవేసేది.

భోజనం ముందు నాకు పెట్టారు. నేను తింటుంటే సినా పక్కన కూర్చుని విసనకర్రతో ఈగలు తోలింది. అతిథి తిన్నాకే ఇంటివాళ్ళు తినడం అక్కడి పద్ధతి. చేమదుంపలు, పచ్చి అరటికాయలు ఉడకబెట్టి, చేమాకులో కొబ్బరిపాలు పోసి పొట్లం కట్టి కాల్చి పెట్టారు. ఒక మిరపకాయ పడితే మన కోనసీమ వంటే. తర్వాత పానీ పోపో తెస్తున్నామన్నారు. పోపు అన్నారు కదా, ఆవాలూ ఎండుమిర్చీ వస్తాయని ఆశపడ్డాను. తీరా చూస్తే కొబ్బరిపాలల్లో ముంచిన బన్నులు. అవీ బాగానే ఉన్నాయి గానీ, ఆశపడ్డ నాలుక తీపిని ఒప్పుకోవడానికి టైము పట్టింది.

పొద్దువాలుతుంటే, శ్రేయ తిరిగే చోట్లు ఏమిటో చూద్దామని ఒక్కదాన్నే రోడ్డు మీదికి వెళ్ళాను. ఎక్కడో ఠంగు ఠంగుమని మోగింది. ఖాళీ గ్యాస్ సిలిండరును చెట్టుకు వేలాడదీసి ఇనుపకడ్డీతో కొడుతున్నారు. నేను లెక్కచేయలేదు. కాసేపటికి మళ్ళీ మోగింది. అంతే, రోడ్డు మీద మనిషన్నవాడు లేడు. లుంగీలు కట్టుకుని, మెడలో పూలదండలు వేసుకున్న ఇద్దరు వస్తాదులు ఎదురొచ్చి "సా! సా!" అన్నారు.

"ఏం సా? తప్పుకోండి" అన్నాను తెలుగులో.

ఒకడు పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు, రెండోవాడు వంగి ఒక రాయిని చేత్తో తుడిచి, కూర్చోమన్నాడు. కూర్చున్నాను. ఇంతలో ఇంటింటి నుంచీ పాట మొదలైంది. ఒక ఇంట్లో ఆపితే ఇంకో ఇంట్లో అందుకుంటున్నారు. ప్రార్థన. మూడోసారి సిలిండరు మోగేదాకా ఊళ్ళో ఎవరూ బయట తిరగకూడదట, దాన్నే సా అంటారట. నాకు ప్రాణం లేచివచ్చింది. సంధ్యవేళ పడుకోకూడదు, ఇల్లూడవకూడదు, గుమ్మంలో నిలబడకూడదు అని నేను కాపెల్‌లో మొత్తుకుంటే, "మూఢనమ్మకం అమ్మమ్మా" అని నవ్వుతారు. ఇక్కడ అదే మాట చెప్పడానికి వస్తాదులను పెట్టారు.

రాత్రి వసుంధర ఫోన్ చేసింది. "ఏమైందమ్మా? నైట్‌లైఫ్ చూశావా?"

"చూశాను. రాయి మీద కూర్చోబెట్టి దణ్ణం పెట్టించారు. నీ కూతురు ఎనిమిదిన్నరకే దుప్పటి ముసుగేసింది. మీ ఇంట్లో కంటే ఇక్కడే బాగుపడింది."

శివ కోసం ఉపవాసం

మర్నాడు పొద్దున్నే సినా వచ్చి, చేతులు తిప్పుతూ, "టునైట్, శివ! సెలెయా, శివ! వెరీ గుడ్ శివ! యూ కమ్" అంది.

అప్రయత్నంగా నా చేతులు జోడించుకుపోయాయి. ఊరికి రెండు కొసలా రెండు చర్చిలున్న చోట శివుడా! ఎప్పుడో మనవాళ్ళు పడవల మీద వచ్చి ప్రతిష్ఠించి ఉంటారనుకున్నాను. వారం చూస్తే బుధవారం. సోమవారం కావాలి గానీ, దేశాచారం మనకెందుకు? మనవరాలు ఇంత దూరం వచ్చి కూడా శివపూజ చేస్తోందంటే ఆనందం పట్టలేకపోయాను. శ్రేయను అడుగుదామంటే అప్పటికే బడికి వెళ్ళిపోయింది.

తలకు పోసుకుని ఉపవాసం పట్టాను. దాంతో సినాకు దిగులు పట్టుకుంది. నేను దుంపలు వద్దంటే అరటికాయలు తెచ్చింది, అవీ వద్దంటే చేప తెచ్చింది. చేతులతో వద్దు వద్దంటే, నాకు ఒంట్లో బాగాలేదనుకుని పక్కింటివాళ్ళను పిలిచింది. పక్కింటివాళ్ళు వస్తూ వస్తూ వాళ్ళ వంట తెచ్చారు. శివరాత్రినాడు కూడా నా నిగ్రహానికి అంత పరీక్ష పెట్టినవాళ్ళు లేరు.

సాయంత్రం సిలిండరు మూడోసారి మోగాక, తెల్లచీర కట్టి, నుదుటి మీద మూడు రేఖలుగా విభూతి పెట్టుకుని, చెట్టు కింద రాలిన కొబ్బరికాయ ఒకటి ఏరుకుని (అక్కడ డబ్బు పెట్టి కొబ్బరికాయ కొంటే నవ్వుతారు) సినా వెంట బడి హాలుకు వెళ్ళాను. దేవుడు ఎటువైపున్నాడో కనబడలేదు. ఎదురొచ్చిన ఒకాయనను "శివ ఎక్కడ?" అని అడిగాను. ఆయన సంతోషంగా హాలు నడుమ ఖాళీ నేలను చూపించి, "శివ! శివ!" అన్నాడు. సరే, నిరాకారుడు కాబోలని, మెట్టు మీద కొబ్బరికాయ కొట్టాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన ఒక చెక్క తీసుకుని తినేశాడు.

అప్పుడు చుట్టిన చాపను ఇద్దరు కర్రలతో వాయించడం మొదలుపెట్టారు. శ్రేయ నడుమకు వచ్చింది. చాప మీద పడే దెబ్బకు కాలి మడమలు కొద్దికొద్దిగా జరుగుతున్నాయి. చేతులు మాత్రం నీళ్ళల్లో నాచు కదిలినట్టు నెమ్మదిగా కదులుతున్నాయి. దాని కళ్ళు నా నుదుటి మీద పడ్డాయి.

"అమ్మమ్మా! ఆ యాష్ ఏంటి?"

"శివపూజకి కదా."

"అయ్యో, పూజ కాదు! శివ అంటే డాన్స్ అమ్మమ్మా! వీళ్ళ లాంగ్వేజ్‌లో డాన్స్‌ని శివ అంటారు."

హాలంతా నా వంక చూస్తోంది. పొద్దుటి నుంచీ ఖాళీగా ఉన్న నా కడుపు అప్పుడే అందరికీ వినబడేలా మూలిగింది. ఒక్క నిమిషం ఆలోచించాను. మన శివుడు చేసేదీ అదేగా? మనం ఆయనకు వెయ్యి పేర్లు పెట్టుకుని, చేసే పనిని మాత్రం బొమ్మలో చూస్తాం. వీళ్ళు పనికే ఆయన పేరు పెట్టుకున్నారు. ఉపవాసం వృథా పోలేదని సరిపెట్టుకుని, సినా తెచ్చిన మూట విప్పమన్నాను.

నేను తింటుంటే శ్రేయ పక్కన చేరి అసలు సంగతి చెప్పింది. ఇవాళ్టిది రిహార్సలేనట, శుక్రవారం సాయంత్రం బడికోసం పెద్ద శివ. వచ్చిన విరాళాలతో పిల్లలను పెద్ద దీవిలో ఆటల పోటీలకు పంపుతారు. అన్నిటికంటే చివర వచ్చే ఆట ఒక్కరే ఆడతారు, అది ఊరి పెద్దింటి ఆడపిల్ల హక్కు. ఈసారి దాన్ని శ్రేయకు ఇచ్చారు.

"మంచిదే కదా" అన్నాను.

"మంచిదే. కానీ ఆఖరి డాన్స్‌కి అయులీ కావాలి."

"అది తినేదా, కట్టుకునేదా?"

"కాదు. డాన్సర్ మధ్యలో క్వీన్‌లా నెమ్మదిగా చేస్తుంది కదా, చుట్టూ తన వాళ్ళు, ఏజ్డ్ పీపుల్, క్లౌన్‌ల్లా చేయాలి. పడాలి, అరవాలి, పిచ్చిగా గెంతాలి. వాళ్ళు ఎంత సిల్లీగా ఉంటే డాన్సర్ అంత గ్రేస్‌ఫుల్‌గా కనిపిస్తుంది. దాన్ని అయులీ అంటారు. పెద్దవాళ్ళు తమ పరువు తీసి పిల్లకి ఇస్తారన్నమాట."

నా చేతిలో ముద్ద ఆగిపోయింది. "అందుకా నన్ను రమ్మన్నావు?"

"మామ్ వస్తుందనుకున్నా." చూపు దించుకుంది. "బయటివాళ్ళకి ఈ డాన్స్ ఇవ్వరు అమ్మమ్మా. వాళ్ళ అమ్మాయి అనుకుని నాకిచ్చారు. నా సైడ్ ఎవరూ రాకపోతే, నేను జస్ట్ ఒక గెస్ట్‌ని. వచ్చా, చూశా, వెళ్ళిపోతా."

"పాలకొల్లులో నేను మరలోకి వస్తుంటే ఎదురుగా బీడీ కాల్చిన మగవాడు లేడు. నా పెళ్ళిలోనే నేను నవ్వలేదని మీ తాతయ్య చచ్చేదాకా దెప్పాడు. నేను కోతిలా గెంతాలా? కుదరదు."

"ఓకే అమ్మమ్మా. ఇట్స్ ఫైన్."

ఈ దేశంలో పిల్లలను పెంచినవాళ్ళందరికీ తెలుసు, ఇట్స్ ఫైన్ అన్నారంటే ఏదీ ఫైన్‌గా లేదని.

బింగో

గురువారం సాయంత్రం చర్చి పక్క హాలులో బింగో. మన ఆడవాళ్ళు కాపెల్‌లో నెలకోసారి ఆడుకునే హౌసీయే. అక్కడ గెలిస్తే స్టీలు డబ్బా ఇస్తారు. అక్కడ ఆడుతూ నగలు చూసుకుంటారు, ఇక్కడ ఆడుతూ ఒకరినొకరు తిట్టుకుంటారు. అంకె పిలిచేవాడిని అయితే అందరూ కలిసి తిడతారు. కాగితం ఒక డాలరన్నారు. జూదానికి నా డాలరు పెట్టనన్నాను. సినా తన డాలరు పెట్టి కొనిచ్చింది.

ఇంగ్లీషు అంకెలు నాకు మంచినీళ్ళప్రాయం. మూడో ఆటలో నా గడులన్నీ నిండాయి. "బింగో" అని మామూలుగా అన్నాను. ఎవరూ వినలేదు. అప్పుడు మరలో మోటారు మోతకు పైన కేకేసే నా పాత గొంతు తీశాను. పిలిచేవాడి చేతిలో అంకెల డబ్బా కింద పడింది.

బహుమతి తెచ్చి నా ముందు పెట్టారు. పెద్ద డబ్బా, దాని మీద ఆవు బొమ్మ. పాలపొడి కాబోలని మురిశాను. శ్రేయ చెవిలో గుసగుసలాడింది: "మిల్క్ కాదు అమ్మమ్మా. అదే. ఆవే."

చేతులు కొంగులో దాచేసుకున్నాను. అక్కడ పెళ్ళికీ చావుకీ మర్యాదగా ఇచ్చే వస్తువట అది. శ్రేయ లేచి వాళ్ళ భాషలో, మేము ఆవును తల్లిగా చూస్తాం, తినం అని చెప్పింది. సినా ఆ డబ్బాను గుండెకు హత్తుకుని, నా రెండు బుగ్గలూ ముద్దు పెట్టుకుంది. తర్వాత చుట్టూ ఉన్నవాళ్ళతో ఏదో అంది, అందరూ విరగబడి నవ్వారు.

"ఏమంటుందే?"

శ్రేయ నవ్వాపుకుంటూ చెప్పింది. "ఆవిడ ఆవుని తినదు, డబ్బు పెట్టి ఆడదు, నవ్వదు. మరి దేనికి బతుకుతోంది, అంటోంది."

"చెప్పు, నవ్వు కూడా నేను పండగలకే బయటికి తీస్తానని. పట్టుచీరలాగ."

శ్రేయ చెప్పింది. సినా నవ్వలేదు. నా వైపు వంగి, నెమ్మదిగా, శ్రేయ మాట మార్చడానికి వీలుగా ఆగి ఆగి మాట్లాడింది. "రేపు మాకు పండగే. సెలెయా ఆడుతుంటే దిగడానికి నేనున్నాను, నా చెల్లెళ్ళున్నారు. అందరం దిగుతాం. కానీ ముందు ఆ పిల్ల సొంత మనిషి దిగాలి. సొంతవాళ్ళు కూర్చుని ఉండగా మేం ముందు దిగితే, ఆ పిల్లకు ఎవరూ లేరని ఊరికి చాటినట్టవుతుంది. అది మేం చెయ్యం."

నేను డబ్బా వంక చూసి, ఇది కొట్లో ఎంతుంటుందని అడిగాను. సినా డబ్బాను చంకలో పెట్టుకుని తర్వాతి ఆటకు కాగితం కొనడానికి లేచింది.

శుక్రవారం సాయంత్రం

హాలు నిండి, తలుపుల్లోనూ కిటికీల్లోనూ మనుషులే. చిన్నపిల్లలు ఆడారు, మగవాళ్ళు ఒళ్ళంతా చరుచుకుంటూ ఆడారు, చర్చి ముసలమ్మలు కూర్చునే ఆడారు. చూస్తున్నవాళ్ళు డాలర్ల నోట్లు తెచ్చి ఆడేవాళ్ళ మీద విసురుతున్నారు. అదే బడికి విరాళం. విరాళమిస్తే కవరులో పెట్టి ఇవ్వాలి గానీ ఇదేం పద్ధతని నాలో నేను సణుక్కుంటూ, చాప మీద వెన్ను నిటారుగా పెట్టుకుని కూర్చున్నాను.

చివరికి శ్రేయను పిలిచారు. నడుముకు నేతచాప చుట్టి, భుజాలకూ చేతులకూ కొబ్బరినూనె మెరిసేలా రాశారు. చాప మీద కర్రల దెబ్బ మొదలైంది. శ్రేయ చేతులు లేచాయి. పిల్ల బాగుంది. మా వంశంలో ఎవరికీ ఆ మెడ లేదు. కానీ ఆ పెద్ద హాలులో దాని చుట్టూ అంత ఖాళీ. సినా, ఆవిడ చెల్లెళ్ళు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, పందెంలో గీత దగ్గర నిలబడ్డవాళ్ళలా ముందుకు వంగి ఉన్నారు. ఎవరూ కదలడం లేదు. అందరూ మర్యాదగా నా వైపు చూడకుండా ఉన్నారు. అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది. శ్రేయ ఒక్కసారి నన్ను చూసి, చిన్నగా నవ్వి, చూపు తిప్పుకుంది. ఇట్స్ ఫైన్ అన్న నవ్వే. నేను పైకప్పు వంక చూశాను.

ఒకాయన వెళ్ళి దాని నూనె చేతికి డాలరు నోటు అంటించాడు. ఇంకొకావిడ భుజానికి అంటించింది. తర్వాత నోట్లు గాల్లోంచే వచ్చాయి. కొన్ని అంటుకున్నాయి, ఎక్కువ నేల మీద పడ్డాయి. శ్రేయ పాదం జరిగింది. మడమ కింద ఒక నోటు ఉంది.

తర్వాత ఏం జరిగిందో ఆలోచించి చేసింది కాదు.

"శ్రేయా! తొక్కుతున్నావే! లక్ష్మీ!" అని మర గొంతుతో కేకేసి లేచాను. వంగి దాని మడమ కిందనుంచి నోటు లాగి, కళ్ళకద్దుకున్నాను. అవతల ఇంకోటి పడింది. అటు పరుగెత్తాను, అదీ తీసి కళ్ళకద్దుకున్నాను. ఇంతలో వెనక మూడు పడ్డాయి. ఫ్యాను గాలికి ఒక నోటు ఎగిరిపోతుంటే దాని వెంట పడి, చాప వాయించేవాడి మీద పడి, వాడి లుంగీ పట్టుకుని లేచి, "కళ్ళు లేవా మీకు? డబ్బు విలువ తెలియదా? తొక్కితే పాపం కాదూ?" అని హాలు మొత్తాన్నీ తెలుగులో తిట్టాను. ఒక్కొక్క తిట్టుకూ ఒక్కొక్క నోటు ఏరి కళ్ళకద్దుకుంటున్నాను. ఎన్ని తిడితే అన్ని నోట్లు పడుతున్నాయి.

హాలు పైకప్పు లేచిపోయేలా "చీహూ!" అని అరిచారు. అప్పుడు సినా దిగింది. అంత భారీ మనిషీ నా వెనకే వచ్చి, ధబ్బున వంగి, నోటు తీసి, కళ్ళకద్దుకుని, నాలాగే వేలు చూపించి, తెలుగులాంటి దేనితోనో జనాన్ని తిట్టింది. ఆవిడ చెల్లెళ్ళు దిగారు. ఆ వస్తాదులిద్దరూ దిగారు. చూస్తుండగానే సగం ఊరు వంగి, నోట్లు ఏరి కళ్ళకద్దుకుంటూ, ఒకళ్ళనొకళ్ళు గుద్దుకుంటూ, అరుస్తోంది. మధ్యలో శ్రేయ ఒక్కటే నిటారుగా, నిదానంగా, దీపంలా కదులుతోంది. ఆఖరి ఆట ఆడే పిల్ల పగలబడి నవ్వకూడదట. పెదవులు బిగించి ఉంది గానీ కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి.

అప్పటికి గానీ నాకు అర్థం కాలేదు. వీళ్ళు నన్ను కోప్పడుతున్న ముసలిదని అనుకోవడం లేదు. అయులీ చేస్తున్నాననుకుంటున్నారు.

చుట్టూ చూశాను. నేల శుభ్రంగా ఉంది. పడ్డ నోట్లన్నీ నా పిడికిట్లోనూ సినా పిడికిట్లోనూ ఉన్నాయి. తొక్కడానికి ఇంకేమీ లేదు. నా పని అయిపోయింది, గౌరవంగా వెళ్ళి కూర్చోవచ్చు. అలా అనుకుని చాప వైపు ఒక అడుగు వేశాను కూడా. సినా ఆగింది. నన్ను చూసి చెల్లెళ్ళు ఆగారు. కర్రల దెబ్బ మాత్రం ఆగలేదు, శ్రేయ ఆట ఇంకా సగంలోనే ఉంది. దాని చుట్టూ మళ్ళీ ఖాళీ పెరగడం మొదలైంది.

నాకు పిచ్చి గెంతులు రావు. పడటం రాదు. వచ్చింది ఒక్కటే.

కొంగు నడుముకు దోపాను. గుప్పెట్లో ఉన్న నోట్లన్నీ పైకెత్తి మనవరాలి మీదుగా గాల్లోకి విసిరేశాను. "తొక్కకండర్రా!" అని ఒక్క కేకేసి, మళ్ళీ మొదటి నుంచి ఏరడం మొదలుపెట్టాను.